కాకినాడ నాటకాల హార్మోనియం నుంచి లతా గొంతు దాకా
(సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు గారి గురించి)

మన తెలుగు సినిమా పాటల గురించి నలుగురు కుర్రాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటూ వుంటే, అయిదు నిమిషాలు తిరక్కుండా ఎవరో ఒకరు అనే మాట ఒకటి వుంది. "మనవాళ్ళదేముందిరా, అన్నీ హిందీ వరసలకి కాపీలేగా!" అని. హాస్టల్ వరండాల్లోనూ, కాంటీన్ బల్లల దగ్గరా యీ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్నవాడికి దాని మీద పట్టింపు వుండదు. విన్నవాడికి జవాబు వుండదు. టీ చల్లారిపోతుంది, సంభాషణ క్రికెట్ మీదికి పోతుంది.

యీ మాటకి జవాబు మన కాకినాడలోనే వుందని చెప్పడానికే యీ వ్యాసం. ఆ జవాబు పేరు పెనుపాత్రుని ఆదినారాయణరావు. సినిమా టైటిల్స్‌లో "పి. ఆదినారాయణరావు". మన ముందుతరం వారికి యీ పేరు వినగానే ముఖం వికసిస్తుంది. మన తరంలో మాత్రం "ఎవరాయన?" అనేవారే ఎక్కువ. "అంజలీదేవి గారి భర్త" అంటే కొందరు గుర్తుపడతారు. 'హాయి హాయిగా' పాట కట్టినాయన అంటే ఇంకా కొందరు. "హిందీలో లతా, రఫీ పాడిన 'కుహూ కుహూ' వరస మన కాకినాడ ఆయనది" అంటే మాత్రం చాలామంది నమ్మరు. నమ్మకపోవడానికి కారణం మన మొదటి మాటే కదా: వరసలు అక్కణ్ణించి ఇక్కడికి వస్తాయి గాని, ఇక్కణ్ణించి అక్కడికి పోతాయా?

పోయాయి. ఎలా పోయాయో చెప్పాలంటే ముందు మన నాటకాల సంగతి చెప్పాలి.

నాటకం – హార్మోనియం

కోస్తా జిల్లాల్లో నాటకాల పిచ్చి ఇవ్వాళ్టిది కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమండ్రి వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత తెలుగు నాటకం ఆడించారు. తర్వాత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' రాజమండ్రిలోనే పుట్టి ఆంధ్రదేశమంతా తిరిగింది. ఆ విధంగా మన గోదావరి గట్టున నాటకం వేళ్ళు తన్నుకుంది. గమనించవలసింది ఏమిటంటే, ధార్వాడ వారితో వచ్చింది ఒక్క నాటకమే కాదు. దాని వెంబడి ఉత్తరాది బాణీ కూడా వచ్చింది. మన త్యాగరాజ కీర్తనల చెవికి ఆ బాణీలు కొత్తగా, తీయగా తోచాయి. అందువల్ల తెలుగు పద్యనాటకం పుట్టినప్పటినుంచీ రెండు సంగీతాల కలగలుపు. ఒక పద్యం మోహనలో ఎత్తుకుంటే మరో పద్యం భీంపలాస్‌లో వుండేది.

ఆ రెంటినీ ఒక్కచోట పట్టి వుంచింది హార్మోనియం. పల్లెటూళ్ళో పందిరి వేసి తెల్లవార్లూ నాటకం ఆడితే, స్టేజి పక్కన కాళ్ళ హార్మోనియం ముందు కూర్చున్న మనిషే సగం నాటకం. నటుడి శ్రుతి ఏదో ఆయనకి తెలియాలి. పద్యం చివర రాగం లాగుతూ వుంటే ఆ గొంతు ఎక్కడికి పోతే అక్కడికి పోవాలి. జనం "ఒన్స్ మోర్" అంటే మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకోవాలి. నటుడు మాట మరిచిపోతే నాలుగు స్వరాలు వాయించి పరువు కాపాడాలి. ఒక్కమాటలో చెప్పాలంటే, ఏ రాగం ఎక్కడ వాయిస్తే ఆఖరి వరస చాపమీద కూర్చున్న రైతు కూడా తల ఆడిస్తాడో హార్మోనిస్టుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సంగీత కళాశాలల్లో దొరకని చదువు అది.

ఆదినారాయణరావు గారు యీ చదువు చదివినవారు. ఆయన పాట వ్రాసేవారు, వరస కట్టేవారు, హార్మోనియం వాయించేవారు, వేషం వేసేవారు, నాటకం వ్రాసి ఆడించేవారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఆయన కార్యక్షేత్రం. ఆ క్లబ్ పేరు వినడానికి ఏదో పేకాట క్లబ్ లాగా వుంటుంది గాని, అక్కణ్ణించి సినిమాకి వెళ్ళినవారిని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఎస్.వి. రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు. తెలుగు సినిమాకి కీచకుణ్ణీ, హాస్యాన్నీ, సీతమ్మవారినీ, సంగీతాన్నీ ఒక్క ఊరి క్లబ్ ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు.

అంజలీదేవి గారిది పెద్దాపురం. 1927లో పుట్టారు. ఆదినారాయణరావు గారి నాటకాల్లో ఆమె నృత్యం చేసేవారు, నటించేవారు. 1940లో ఇద్దరికీ పెళ్ళయింది. ఆయన ఆడించిన 'స్ట్రీట్ సింగర్' నాటకంలో ఆమెను చూసిన సి. పుల్లయ్య గారు 1947లో వచ్చిన 'గొల్లభామ' సినిమాలో మోహిని వేషం ఇచ్చారు. పుల్లయ్య గారిదీ కాకినాడే. ఊరివాడు ఊరి నాటకాన్ని చూశాడు. దానితో ఇద్దరు కళాకారుల బ్రతుకు మద్రాసు దారి పట్టింది.

మద్రాసులో

మద్రాసులో సంగీత దర్శకుడుగా ఆదినారాయణరావు గారి తొలి సినిమా 'పల్లెటూరి పిల్ల', 1950లో. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన మొదటి సినిమా అది. నాయిక అంజలీదేవి. మరుసటి ఏడు అక్కినేని గారితో కలిసి అశ్వినీ పిక్చర్స్ పేరున 'మాయలమారి' తీశారు. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ సొంత సంస్థ పెట్టుకున్నారు. దానికి ఆయన పెట్టిన పేరు అంజలీ పిక్చర్స్. మొదటి సినిమా 1953లో 'పరదేశి'. దర్శకుడు మన ఏలూరు ప్రాంతం నుంచి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్.

యీ సొంత సంస్థ విషయం దగ్గర కాస్త ఆగాలి. మామూలుగా సంగీత దర్శకుడంటే ఏమిటి? నిర్మాత కబురు పెడితే వెళ్ళాలి. కథ వినాలి. పాట వచ్చే సందర్భం వినాలి. హార్మోనియం ముందు పెట్టుకుని వరసలు వినిపించాలి. పది వరసలు వినిపిస్తే నిర్మాతకి పదకొండోది కావాలి. "ఏవండీ, బొంబాయిలో ఫలానా పాట ఇప్పుడు బాగా ఆడుతోందట, అలాంటిది పడెయ్యండి" అంటాడు. డబ్బు పెట్టేవాడు ఆయన. కాదంటే ఇంకో సంగీత దర్శకుడు గుమ్మంలో వుంటాడు. కాపీల కథకి మొదలు ఇక్కడ. మనం వేలు చూపించేది సంగీత దర్శకుడి వైపు. ఆ వరస అడిగినవాడు మాత్రం మనకి కనపడడు.

అంజలీ పిక్చర్స్‌లో సంగీత దర్శకుడే యజమాని. పాట పోతే సినిమా పోవచ్చు, సినిమా పోతే ఇల్లు పోవచ్చు. కాని "అలా కుదరదు" అనేవాడు మధ్యన లేడు. అందుకే ఆయన పాటల్లో మంచివి చాలావరకు సొంత సంస్థ సినిమాల్లోనే వున్నాయి.

అయినా ఆయనా కాపీ కొట్టలేదా? కొట్టారు. దాచవలసిన పనిలేదు.

ఇచ్చిన అప్పు, తీర్చిన అప్పు

1953లో హిందీలో 'అనార్కలి' వచ్చింది. సంగీతం సి. రామచంద్ర. అందులో లతా పాడిన 'యే జిందగీ' పాట దేశం మొత్తాన్ని ఊపేసింది. రెండేళ్ళ తర్వాత, 1955లో, అంజలీ పిక్చర్స్ తెలుగులో 'అనార్కలి' తీసింది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, సలీంగా అక్కినేని, అక్బరుగా ఎస్.వి. రంగారావు, అనార్కలిగా అంజలీదేవి. అందులో జిక్కి పాడిన 'జీవితమే సఫలము' వరస ఆ హిందీ పాటదే. చెవి వున్నవాడెవడికైనా తెలిసిపోతుంది.

అయితే అదే సినిమాలో ఘంటసాల, జిక్కి పాడిన 'రాజశేఖరా' వుంది. అది ఆయన సొంత సొమ్ము. మన జావళి నడక, మన నాటకపు శృంగారం, నవాబుల దర్బారులో కూర్చున్నా గోదావరి తీపి పోని పాట. ఆనాటి శ్రోతలు రెంటినీ నెత్తిన పెట్టుకున్నారు. ఒకే సినిమాలో, ఒకే గాయని చేత, ఒక అరువు వరసా ఒక సొంత వరసా పాడించి, రెండోది మొదటిదానికి తీసిపోకుండా నిలబెట్టారు చూశారూ, అది నాకు గొప్పగా తోస్తుంది. అరువు తెచ్చుకున్నవాడికి సొంత ఆస్తి లేదని అనుకోకూడదని అక్కడే తేలిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకే ఆ అప్పు వడ్డీతో తీరింది.

'సువర్ణ సుందరి' 1957లో వచ్చింది. దర్శకుడు మళ్ళీ వేదాంతం రాఘవయ్య. పాటల్లో పేరుకెక్కినవి వ్రాసింది సముద్రాల సీనియర్. తెలుగులో అక్కినేని, అంజలీదేవి. తమిళంలో 'మణాళనే మంగయిన్ భాగ్యం' పేరున జెమినీ గణేశన్‌తో తీశారు. హిందీలోనూ 'సువర్ణ సుందరి' పేరునే తీశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు నటించిన హిందీ సినిమా అదొక్కటే. మూడు భాషలకీ సంగీతం ఆదినారాయణరావు గారిదే.

తెలుగులో ఘంటసాల, జిక్కి పాడిన 'హాయి హాయిగా' పాట హిందీలో 'కుహూ కుహూ' అయింది. వ్రాసినది భరత్ వ్యాస్. పాడినది లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ. తెలుగులో సుశీల పాడిన 'పిలువకురా' అదే వరసలో తమిళంలో 'అళైక్కాదే' అయింది, హిందీలో లతా గొంతున 'ముఝే న బులా' అయింది. హిందీ వరస కోసం తెలుగువాడు చెవి వొగ్గిన రెండేళ్ళకి, అదే లతా తెలుగువాడి వరస నేర్చుకుని పాడింది. మన కాంటీన్ మిత్రులకి జవాబు యిదే.

నాలుగు రాగాల పాట

యీ 'హాయి హాయిగా' పాటలో ఏముందో కొంచెం విడమరిచి చెప్పాలని వుంది. సంగీతం నేర్చుకోనివారు భయపడనక్కరలేదు. దగ్గర్లో ఒక హార్మోనియం గాని, మిత్రుడి కీబోర్డు గాని వుంటే చాలు.

యిది రాగమాలిక. అంటే ఒకే పాటలో కొన్ని రాగాలు దండలో పూలలాగా వరసగా వస్తాయి. ఇందులో వచ్చేవి నాలుగు: సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్. నాలుగూ హిందుస్తానీ పేర్లే. ధార్వాడ వారి కాలం నుంచి మన నాటకాల చెవిలో పడుతూ వచ్చిన ఉత్తరాది బాణీ ఇక్కడ పండింది.

మొదటిది సోహిని. మన హంసానందికి దగ్గరి చుట్టం. రాత్రి ఆఖరి జాములో పాడే రాగమంటారు. యీ రాగంలో పంచమం వుండదు. పంచమం అంటే 'ప'. మనం పాడేటప్పుడు 'స' తర్వాత గొంతు హాయిగా కూర్చునే చోటు 'ప'. తంబురాలో మామూలుగా మోగేవి కూడా ఆ రెండే. ఆ కుర్చీ తీసేస్తే గొంతు కూర్చోలేక పైకి పైకి పోతుంది. సోహిని అందుకే తారస్థాయిలో తిరుగుతూ వుంటుంది. పాట ఎత్తుకోగానే మనకేదో లోపల లేచినట్టు, ఎక్కడికో పరుగెత్తాలన్నట్టు అనిపిస్తుందే, దాని రహస్యం అది. వసంతం, కోయిల, ప్రేమ అనే మాటలకి ఆ తహతహ అతికినట్టు సరిపోయింది.

రెండవది బహార్. బహార్ అంటేనే వసంతం. ఇక్కడ పంచమం తిరిగి వస్తుంది, మధ్యమం మారుతుంది. సోహినిలో వున్నది ప్రతి మధ్యమం, అంటే పై మధ్యమం. బహార్‌లో వున్నది శుద్ధ మధ్యమం. హార్మోనియం మీద ఒక్క మెట్టు కిందికి దిగడమే. కాని చెవికి గది మారినట్టు వుంటుంది. మూడవది జౌన్‌పురి. గాంధార, ధైవత, నిషాదాలు మూడూ మెత్తబడతాయి. వెన్నెల చల్లదనం, కాస్త దిగులు. నాలుగవది యమన్. మనకి కళ్యాణి. సాయంకాలపు రాగం, తలుపులన్నీ తెరిచిన ఇల్లు లాంటిది. మళ్ళీ ప్రతి మధ్యమం వచ్చేస్తుంది.

గమనించండి: మొదటి రాగంలోనూ చివరి రాగంలోనూ పై మధ్యమమే, మధ్య రెండింట్లోనూ కింది మధ్యమం. మొదట్లో నిలవనీయని స్వరమే చివర్లో యమన్‌లోకి వచ్చేసరికి పంచమం తోడుగా ప్రశాంతంగా వినపడుతుంది. బయల్దేరిన ఊరికే వచ్చాం, కాని మనం మారిపోయాం. యీ లెక్కంతా ఆదినారాయణరావు గారు కాయితం మీద వేసి కట్టారని నేననను. హార్మోనియం మెట్ల మీద ఏళ్ళతరబడి తిరిగిన వేళ్ళకి దారి తెలిసి వుంటుంది. విన్నవారికి రాగాల పేర్లు తెలియక్కరలేదు. పెళ్ళిపందిట్లో మైకు సెట్టులో యీ పాట మోగుతూ వుంటే అరటికాయలు తరిగేవారు కూడా కూనిరాగం తీశారు. నాలుగు హిందుస్తానీ రాగాలు తమ నోట్లోంచి పోతున్నాయని వారికి తెలియదు. తెలియకుండా చెయ్యడమే ఆయన గొప్పదనం.

'పిలువకురా' సంగతి ఇంకొక రకం. అది హిందోళం, ఉత్తరాదిన మాల్‌కౌన్స్ అంటారు. స్వరాలు అయిదే: స, గ, మ, ద, ని. ఇక్కడా పంచమం లేదు. కాని సోహిని పైకి లాగితే హిందోళం లోపలికి లాగుతుంది. పిలవవద్దని నాయకుణ్ణి బ్రతిమాలుతూనే అతని దగ్గరికి పోలేక నలిగిపోయే ఆడదాని బాధ. అయిదు స్వరాలతో ఆ బాధంతా చెప్పారు.

వరస ఒకటే, భాషలు మూడు

ఒక వరస మూడు భాషల్లో నిలవడం చెప్పినంత తేలిక కాదు. తెలుగు మాట అచ్చుతో అంతమవుతుంది. చివర అచ్చు వుంటే గాయకుడు దాన్ని ఎంతైనా సాగదీయవచ్చు, గమకం వెయ్యవచ్చు. హిందీలో చాలా మాటలు హల్లుతో ఠక్కున ఆగిపోతాయి. తమిళానికి మళ్ళీ దాని ఒత్తులు దానికి వున్నాయి. తెలుగు మాట కోసం కట్టిన పొడుగాటి స్వరం మీద హిందీ మాట పెడితే, ఆ స్వరానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు కవి దీర్ఘాలున్న మాటలు వెతుక్కోవాలి, లేదా సంగీత దర్శకుడు స్వరాన్ని ముక్కలు చెయ్యాలి. ఒక భాషకి కుట్టిన చొక్కా ఇంకో భాషకి తొడిగితే ఎక్కడో ఒకచోట పిగిలిపోతుంది. 'హాయి హాయిగా' హిందీలో విన్నా, తెలుగులో విన్నా కుట్టు కనపడదు. హిందీ శ్రోతలు దాన్ని తెలుగు నుంచి వచ్చిన పాట అనుకోలేదు; తమదే అనుకున్నారు. నేటికీ అనుకుంటూనే వున్నారు.

ఇంకొక సంగతి కూడా మన తరం గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో రికార్డింగ్ అంటే గాయకులు, వాద్యబృందం అంతా ఒక్కచోట చేరి ఒకేసారి పాడాలి, వాయించాలి. గొంతు వేరుగా, తబలా వేరుగా పట్టి తర్వాత అతికించుకునే సౌకర్యం లేదు. నాలుగు రాగాలు మారే పాటలో ఫ్లూటు వాయించేవాడు ఒక్క స్వరం తప్పితే మొత్తం పాట మళ్ళీ మొదటికి రావలసిందే. రిహార్సలు మీద రిహార్సలు చేసి, తెల్లవార్లూ నాటకం నడిపిన ఓపిక ఇక్కడ పనికివచ్చింది.

తర్వాతి రోజులు

'సువర్ణ సుందరి' తర్వాత అంజలీ పిక్చర్స్ 'ఋణానుబంధం' (1960), 'స్వర్ణమంజరి' (1962), 'సతీ సక్కుబాయి' (1965) తీసింది. యీ మధ్యకాలంలోనే, 1963లో, 'లవకుశ'లో అంజలీదేవి గారు సీతమ్మగా నటించి ప్రతి ఇంటికీ అమ్మ అయిపోయారు. ఆదినారాయణరావు గారు ఇతరుల చిత్రాలకి కూడా సంగీతం ఇస్తూ వచ్చారు గాని, ఏడాదికి పదేసి సినిమాలు చేసే పరుగులో ఆయన లేరు. ఆ కారణంగా కూడా ఆయన పేరు జనంలో తక్కువ నలిగిందని నా ఊహ.

1973లో 'భక్త తుకారాం'. అక్కినేని తుకారాం, శివాజీ గణేశన్ ఛత్రపతి శివాజీ. ఘంటసాల పాడిన 'ఘనాఘన సుందరా' ఇందులోదే. దానిని వ్రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు. కృష్ణశాస్త్రి గారిది పిఠాపురం దగ్గర చంద్రంపాలెం. అంటే కథ మహారాష్ట్రది, రికార్డింగ్ మద్రాసుది, మాటా వరసా మాత్రం పిఠాపురం, కాకినాడలవి. తెల్లవారుజామున యీ పాట మైకులో వినని ఊరు మన డెల్టాలో వుండదు.

మరుసటి ఏడు 'అల్లూరి సీతారామరాజు'. యిది కృష్ణ గారి సొంత సినిమా. మన మన్యపు కథ. ఇందులో శ్రీశ్రీ వ్రాసిన 'తెలుగు వీర లేవరా' పాటకి జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం తెలుగు పాటకి రావడం అదే మొదలు. పాడింది ఘంటసాల, వి. రామకృష్ణ. 1974 మే నెలలో సినిమా విడుదలయ్యేనాటికి ఘంటసాల గారు లేరు; ఫిబ్రవరిలోనే కన్నుమూశారు. అవార్డు శ్రీశ్రీ గారిది, గొంతు ఘంటసాల గారిది, గుర్రం మీద కృష్ణ గారు. ఆ పాటకి అడుగుల చప్పుడు కట్టి, జనాన్ని కుర్చీల్లోంచి లేపిన మనిషి పేరు అడగండి, నూటికి పదిమంది చెప్పలేరు. అదే సినిమాలో సి. నారాయణరెడ్డి గారు వ్రాయగా సుశీల పాడిన 'వస్తాడు నా రాజు' కూడా ఆయనదే. ఒకటి కత్తి, ఒకటి పూలమాల. రెండూ ఒకే హార్మోనియంలోంచి వచ్చాయి.

1976లో 'మహాకవి క్షేత్రయ్య'. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు గారు మొదలుపెట్టి, పూర్తికాకుండానే పోతే, సి. పుల్లయ్య గారి కుమారుడు సి.ఎస్. రావు గారు పూర్తిచేశారు. 1980లో 'చండీప్రియ'. 1991లో ఆదినారాయణరావు గారు పరమపదించారు. అంజలీదేవి గారు 2014 దాకా వున్నారు.

ఆయన దగ్గర తయారైనవారు

ఒక సంగీత దర్శకుడి విలువ ఆయన పాటల్లోనే కాదు, ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నవారిలో కూడా వుంటుంది. 'పాండురంగ మహాత్మ్యం', 'శ్రీకృష్ణ పాండవీయం' సినిమాలకి సంగీతమిచ్చిన టి.వి. రాజు గారు మన రాజమండ్రి దగ్గరి రఘుదేవపురం వారు. ఆయన మొదట్లో ఆదినారాయణరావు గారి దగ్గర సహాయకులు. రాజు గారి అబ్బాయే రాజ్-కోటి జంటలో రాజ్. 1970లలో తెలుగునాట, కన్నడనాట మోత మోగించిన సత్యం గారు కూడా ఆదినారాయణరావు గారి దగ్గర పనిచేసినవారే. ఇలా చూస్తే ఒక మనిషి వెనక ఒక బడి కనపడుతుంది.

మన జిల్లాలవారి జాబితా ఇక్కడితో ఆగదు. 'జీవన తరంగాలు' సంగీతం చేసిన జె.వి. రాఘవులు గారిది రామచంద్రపురం. కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు 2023లో ఆస్కార్ పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు మనమందరం గర్వపడ్డాం. ఆ గర్వం సబబే. కాని కాకినాడ నుంచి ఒక వరస వింధ్య దాటి వెళ్ళిన రోజు 1957లోనే వుందని ఆ గర్వంలో ఒక్కరం కూడా తలుచుకోలేదు.

మనం చెయ్యగలిగింది

మరి ఇంత చేసిన మనిషి పేరు ఎందుకు మరుగున పడింది? నాకు తోచిన కారణాలు మూడు. తెర మీద కనపడేది నటుడు, రేడియోలో వినపడేది గాయకుడు; వరస కట్టినవాడు కనపడడు, వినపడడు. రెండవది, భార్య పేరు ఆయన పేరుకన్నా పెద్దదయింది. సంస్థకి ఆమె పేరు పెట్టిన మనిషి దానికి బాధపడి వుండరు గాని, లోకం మాత్రం ఆయన్ని "ఆమె భర్త"గా జమకట్టేసింది. మూడవది మనమే. "అన్నీ కాపీలే" అనే మాట పట్టుకుని, ఏది అరువో ఏది సొంతమో విడదీసి చూసే శ్రమ మానుకున్నాం. చూడకుండా తిట్టడం ఎంత తప్పో, చూడకుండా పొగడడం కూడా అంతే. 'జీవితమే సఫలము' అరువని ఒప్పుకున్నవాడికే 'హాయి హాయిగా' మాదని చెప్పే హక్కు వుంటుంది.

మన కాలేజీ వార్షికోత్సవాల్లో పాటల పోటీలు పెడతాం. పాడే విద్యార్థి మైకు ముందుకి వచ్చి సినిమా పేరు చెబుతాడు, హీరో పేరు చెబుతాడు, ఒక్కోసారి గాయకుడి పేరు చెబుతాడు. వచ్చే ఏడు నుంచి వ్రాసిన కవి పేరూ, వరస కట్టిన సంగీత దర్శకుడి పేరూ కూడా చెప్పి తీరాలని యూనియన్ వారు ఒక నియమం పెడితే బాగుంటుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు, ప్రిన్సిపాల్ గారి అనుమతి అక్కరలేదు. కార్యదర్శి గారు తలుచుకుంటే చాలు.

యీలోగా సెల్‌ఫోన్ చేతిలో వున్న మిత్రులు ఒక పని చెయ్యండి. 'హాయి హాయిగా' తెలుగులో ఒకసారి, వెంటనే 'కుహూ కుహూ' హిందీలో ఒకసారి వినండి. రాగం మారడం మీకే తెలుస్తుంది. ఆ తర్వాత కాంటీన్‌లో ఎవరైనా పాత మాటే ఎత్తితే, టీ చల్లారేలోపు యీ రెండు పాటలూ వాళ్ళకి వినిపించండి.